ప్రభుత్వ స్థలానికి ఎంత అద్దె న్యాయం?

ప్రభుత్వ స్థలాల అద్దె తగాదాలకు మూలం చట్టం ఇచ్చిన ఒక మినహాయింపులో ఉంది. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం ప్రైవేటు యజమానులు ఇష్టానుసారం అద్దె పెంచకుండా అడ్డుకుంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల స్థలాలను మాత్రం వదిలిపెట్టింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టమూ ప్రభుత్వ భవనాలను మినహాయించింది. బొంబాయి హౌసింగ్ బోర్డు కేసులో 1954లో సుప్రీంకోర్టు ఈ తేడాను సమర్థించింది. ప్రభుత్వ సంస్థలు లాభం కోసం అద్దెకివ్వవన్న నమ్మకమే ఆ సమర్థనకు ఆధారం.

ఆ నమ్మకానికి అసలు పరీక్ష ముంబయి రేవులో ఎదురైంది. నగరంలోని పెద్ద భూస్వాముల్లో అప్పటి పోర్టు ట్రస్టు ఒకటి. అక్కడి పాత లీజుల అద్దెలు చాలాకాలం నామమాత్రంగానే ఉన్నాయి. 1980లలో ట్రస్టు వాటిని ఒక్కసారిగా అనేక రెట్లు పెంచడంతో కిరాయిదారులు కోర్టుకెక్కారు. అద్దె చట్టం వర్తించకపోయినా పోర్టు ట్రస్టు రాజ్యాంగంలోని 14వ అధికరణకు కట్టుబడాలని, దాని ప్రతి చర్యకూ సహేతుకమైన కారణం ఉండాలని 1989లో ద్వారకాదాస్ మర్ఫాతియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఆ కేసులో కిరాయిదారుకు ఊరట దక్కలేదు. అద్దె పెంపు తగాదాపై 2004 నాటి సుప్రీంకోర్టు తీర్పు రెండు పక్షాలకూ హద్దు గీసింది. ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వ యజమాని అద్దె పెంచుకోవచ్చు గానీ, పిండుకోవడానికి వీల్లేదు.

కిరాయిదారుకు ఉన్న దారులు తక్కువే. 1971 నాటి ప్రభుత్వ ప్రాంగణాల చట్టం ప్రకారం ఖాళీ చేయించడం, బకాయిల వసూలు ఎస్టేట్ అధికారి చేతిలో ఉంటాయి. తరచూ ఆయన ఆ యజమాని సంస్థ ఉద్యోగే. ఖాళీ చేయమన్న ఉత్తర్వుపై జిల్లా జడ్జికి 12 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. సివిల్ దావాకు అవకాశం లేదు. ఆపై మిగిలేది హైకోర్టు.

అలాగని నామమాత్రపు అద్దెను కొనసాగించడమూ న్యాయం కాదు. ఆ నష్టం పౌరులందరిదీ. తగాదా ముదిరేది దశాబ్దాలు ఊరుకుని, ఒకేసారి భారం మోపినప్పుడే. విశాఖ సహా ప్రధాన రేవులకు వర్తించే 2014 భూ విధానం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. మార్కెట్ విలువ ఆధారంగా రేటు కట్టి, ఏటా కనీసం 2 శాతం పెంచి, అయిదేళ్లకోసారి సవరించమంది. ఆ లెక్కను కిరాయిదారుకు ముందే చూపి, అభ్యంతరం వినాలి. అద్దె చట్టం నుంచి మినహాయింపు పొందిన యజమానికి ఇది కనీస బాధ్యత.