ఆఖరి ఓవర్లో అంపైర్

2019 ఏప్రిల్ 11. పొద్దున ఓటేసి, రాత్రి టీవీ ముందు కూర్చున్నాం. మా సత్యవేడుకి చెన్నై దగ్గర, అందుకే అందరం సీఎస్కేనే. జైపూర్‌లో ఆఖరి ఓవర్. అంపైర్ నోబాల్‌కి చెయ్యి చాపాడు, లెగ్ అంపైర్ కాదనగానే దించేశాడు. ధోనీ గ్రౌండ్‌లోకి వచ్చేశాడు. నేనూ కేకలేశా! మ్యాచ్ గెలిచాం. ధోనీకి మ్యాచ్ ఫీజులో 50 శాతం జరిమానా.

ఆ ఆదివారం మా టెన్నిస్ బాల్ మ్యాచ్‌లో రనౌట్ ఇచ్చిన పిల్లాడి మీదికి మేమూ అలాగే వెళ్లాం. వాడు మళ్లీ అంపైరింగ్‌కి రాలేదు.

2023 నుంచి ఐపీఎల్‌లో నోబాల్, వైడ్‌కీ రివ్యూ ఉంది. మన గ్రౌండ్‌లో కెమెరా లేదు బ్రో. నిలబడే మనిషొక్కడే ఉన్నాడు. వాడూ పోతే ఆటెక్కడిది?