'టూ': మావోరీ పిల్లల మొదటి ఆల్బమ్ మీద మా అభిప్రాయం

పోస్టు పొడుగు ఉంటది, తీరిగ్గా చదవండి.

ఈ గ్రూపులో మనం ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ తేదీలు, పోడు పట్టాల వార్తలు పెట్టుకుంటం. ఈసారి ఒక రాక్ ఆల్బమ్ గురించి రాస్తున్నం. కారణం ఉన్నది. తార్నాక నుంచి రామంతాపూర్ దాకా రూముల్లో ఉంటున్న మనోళ్లు కొందరు గిటార్లు పట్టిన్రు, "మనం కూడా బ్యాండు పెడదాం, ఆల్బమ్ తీద్దాం" అంటున్నరు. మంచి మాటే. కానీ ఆ ఆల్బమ్‌లో ఏం ఉండాలె, ఏం ఉండొద్దు అనే దగ్గర మాట తెగుతలేదు. గాల్లో వాదించుకునుడు కంటే, నిజంగా వచ్చిన ఒక ఆల్బమ్‌ను ముందట పెట్టుకుని మాట్లాడుకుంటే నయం అనిపించింది.

ఆ బ్యాండు పేరు ఏలియన్ వెపన్రీ. న్యూజిలాండ్‌లో ఉత్తరాన వైపూ అనే చిన్న ఊరు వాళ్లది. హెన్రీ డి జాంగ్ డ్రమ్స్ కొడతడు, తమ్ముడు లూయిస్ గిటారు వాయిస్తూ పాడతడు. 2010లో బ్యాండు మొదలుపెట్టినప్పుడు అన్నకు పదేళ్లు, తమ్మునికి ఎనిమిది. తర్వాత బేస్ గిటారుకు ఈథన్ ట్రెంబాత్ కలిసిండు. 2016లో అక్కడి స్కూలు బ్యాండ్ల పోటీలు రెండు గెలిచిన్రు. 2018 జూన్‌లో మొదటి ఆల్బమ్ 'టూ' వచ్చింది, ఆస్ట్రియా దేశంలోని నేపామ్ రికార్డ్స్ నుంచి. అప్పటికి పాడే పిల్లగానికి పదహారేళ్లు. అన్నదమ్ములిద్దరిదీ మావోరీ వంశం. చిన్నప్పుడు మావోరీ భాషలోనే పాఠాలు చెప్పే బడిలో చదివిన్రు. 'టూ' అంటే మావోరీలో నిలబడుడు. వాళ్ల యుద్ధ దేవుడు తూమతౌవెంగా పేరుకు పొట్టి రూపం కూడా అదే.

సంగీతం థ్రాష్ మెటల్. అంటే గిటార్లు గరగర, డ్రమ్ములు దడదడ, గొంతు చించుకుని పాడుడు. మొదటిసారి వింటే తలనొప్పి లేస్తదని కొందరు అంటరు, అంటే అననియ్యండి. రెండోసారి వినండి.

ఈ ఆల్బమ్‌లో మాకు అన్నిటికంటే బలంగా అనిపించింది భాష కూడా కాదు, వివరం. "మా జాతి గొప్పది, మేం పులులం, మేం వీరులం" అని ఊదరగొట్టే పాటలు కావివి. ఒక్కో పాట వెనక ఒక తేదీ, ఒక ఊరు, ఒక చట్టం ఉంటది. 'రూ ఆనా తే ఫెనువా' పాట 1864 ఏప్రిల్ 29న టౌరంగా దగ్గర జరిగిన గేట్ పా యుద్ధం గురించి. బ్రిటిష్ సైన్యం సుమారు 1,700 మంది, మావోరీలు సుమారు 230 మంది. భూమిలో తవ్వుకున్న కందకాల్లో దాక్కుని ఆ 230 మంది ఆ రోజు అంత పెద్ద సైన్యాన్ని తిప్పికొట్టిన్రు. ఆ పోరాటంలో చనిపోయిన తే అహోఅహో ఈ అన్నదమ్ములకు తాతల తాత వరుస. పెద్ద నాయకుని మీద కాకుండా, తమ ఇంటి మనిషి మీద పాట కట్టుకున్నరు. ఇది చిన్న విషయం కాదు.

ఇంకో పాట 'రౌపతు'. ఆ మాటకు అర్థం భూమి గుంజుకొనుడు. 1863లో న్యూజిలాండ్ ప్రభుత్వం ఒక సెటిల్‌మెంట్స్ చట్టం తెచ్చి, తిరుగుబాటు చేసిన్రన్న పేరుతో మావోరీల లక్షల ఎకరాలను జప్తు చేసింది. ఆ చట్టం మీద పాట అది. ఒక్కసారి ఆలోచించండి. చట్టం మీద రాక్ పాట! మనకు 1959 భూ బదలాయింపు రెగ్యులేషన్ ఉన్నది, దాన్ని గట్టి చేసిన 1970 సవరణ ఉన్నది. 1/70 అంటే మన ఊళ్లల్ల ముసలోళ్లకు కూడా తెలుసు. 1997లో సమతా తీర్పు వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగినయి. వీటి మీద మనం వ్యాసాలు రాస్తం, సెమినార్లు పెడతం, ఆర్ట్స్ కాలేజీ ముందట ఉపన్యాసాలు ఇస్తం. డప్పు పాటలు కూడా ఉన్నయి, కాదనం. కానీ ఆ పాటలు చాలావరకు తెలుగులో, పార్టీల సభల కోసం కట్టినవి. కోయలో, గోండిలో, కొలామీలో మన పిల్లలు తమ తరానికి నచ్చే తీరుగ కట్టుకున్నవి ఎన్ని?

'ఉరుతా' పాట మాకు ఇంకా నచ్చింది, ఎందుకంటే అందులో ఎవరిదీ పూర్తి తప్పు కాదు. 1800ల మొదట్ల ఒక ఓడ కెప్టెన్ జేబు గడియారం నీళ్లల్ల పడ్డది. తర్వాత ఆ తీరంలో జబ్బు వ్యాపించింది. గడియారంలో దెయ్యం ఉందని జనం నమ్మిన్రు. ఆ కోపానికి తోడు, తర్వాత బోయ్డ్ అనే ఓడలో ఒక దొర కొడుకును కొరడాతో కొట్టిన్రు. చివరికి 1809లో ఆ ఓడ తగలబడింది, మనుషులు సచ్చిన్రు. ఒకరి లోకం ఇంకొకరికి అర్థం కాకపోతే ఏమైతదో ఆ పాట చెప్తది. ఇట్లాంటి కథలు మన దగ్గర లేవా? ఫారెస్టోళ్లకు మన పోడు 'ఆక్రమణ' లెక్క కనబడతది, మనకు వాళ్లు పాతిన మొక్కలు పొలంల గుచ్చిన మేకుల లెక్క కనబడతయి. దాన్ని తిట్ల పాట చేయొచ్చు, సులువు. రెండు దిక్కుల మాట వినిపించే పాట చేయుడు కష్టం. పదహారేళ్ల పిల్లలు చేసిన్రు.

ఇక లోపాలు. ఉన్నయి, చెప్పుకోవాలె. అభిమానం ఉంది కదా అని ఊరుకుంటే మన పని కూడా అట్లనే తయారైతది.

ఆల్బమ్‌లో సగం దాకా ఇంగ్లీషు పాటలు. వాటిలో చాలావరకు తేలిపోయినయి. సోషల్ మీడియా మీద విసుగు, లోపలి దిగులు, దొంగ మనుషుల మీద కోపం. ఇవి ఏ ఊరి పదహారేళ్ల పిల్లగాడైనా రాయగలడు, రాసిండు కూడా. మావోరీ పాటల్లో బండరాయి లెక్క నిలబడ్డ గొంతు, ఇంగ్లీషుకు రాంగానే పక్కింటి బ్యాండు గొంతు అయిపోతది. ఇంగ్లీషులో చెప్పొద్దని మేం అంటలేం. అదే ఆల్బమ్‌లో 'విస్పర్స్' ఇంగ్లీషు పాటే, కానీ ప్రభుత్వం మావోరీలతో నడిచే తీరు మీద కాబట్టి నిలిచింది. 'రౌపతు'లో కూడా మావోరీ మధ్యల ఇంగ్లీషు దొర్లుతది, అక్కడ ఎబ్బెట్టు అనిపియ్యదు. మాట మీద పట్టు ఉన్న దగ్గర ఏ భాషైనా పనిచేస్తది. పట్టు లేని దగ్గర మాత్రం సొంత భాష కొంత కాపాడతది, అరువు భాష కాపాడదు.

సంగీతం మాట వేరే. గిటారు వరుసలు చాలా దగ్గర ఒకటే తీరుగ ఉంటయి. పాటలు అవసరానికి మించి సాగినయి. నాలుగు నిమిషాల్లో అయిపోవాల్సింది ఆరు నిమిషాలు ఈడ్చిన్రు. హాకా లయను డ్రమ్ముల్లోకి తెచ్చిన దగ్గర ఒళ్లు జలదరిస్తది, అది నిజం. అయితే ఆ లయ పాట మొదట్ల, నడుమ కనబడి పోతది, మిగతాదంతా మామూలు మెటల్. పాట ఎముకలోకి అది దిగాల్సి ఉండె. ఆడవాళ్ల గొంతుకు కూడా ఇందులో పెద్దగా చోటు లేదు. మన దగ్గరయితే రేలా పాట ఆడోళ్లు లేకుండా ఊహించుకోలేం కదా.

ఇంకో ఇబ్బంది ఉన్నది, ఇది మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. ఆల్బమ్ నిండా యోధుల బొమ్మ. యుద్ధం, నాలుక చాపుడు, కళ్లు ఎర్రజేసుడు. యూరపు కుర్రాళ్లకు అది మస్తు నచ్చింది. కానీ అక్కడ చూసేటోడు చట్టం గురించి వింటున్నడా, 'భయంకరమైన ఆదివాసీ'ని చూసి సంబరపడుతున్నడా? మనకు ఈ అనుభవం కొత్త కాదు. మంత్రి వస్తే కొమ్ము కోయలను పిలుస్తరు, గుస్సాడీ వేషం కట్టిపిస్తరు, ఫోటో దిగుతరు. కొమ్ముల బరువు మోసినాయనకు మైకు మాత్రం ఇయ్యరు. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీలు వచ్చినయి. గౌరవమే. ఇద్దరూ 2024లో మనల్ని విడిచిపోయిన్రు. రామచంద్రయ్య గారు నోటికి చెప్పే సమ్మక్క సారలమ్మ కథను మనలో ఎంతమంది కూసోని విన్నం?

కొందరు మిత్రులు అంటున్న మాట: "రాక్ మన సంగీతం కాదు, తెల్లోళ్లది. మన డోలి, పెప్రె, కిక్రీ ఉండంగ అది ఎందుకు?" ఈ మాటలో న్యాయం ఉన్నది, కానీ పూర్తిగ ఒప్పుకోం. హార్మోనియం కూడా ఓడ ఎక్కి వచ్చిందే, ఇప్పుడు భజనల్లో అది లేకుంటే నడవదు. 1983లోనే ఆస్ట్రేలియాలో వరుంపి బ్యాండు లురిచా భాషలో రాక్ పాట రికార్డు చేసింది. జైలు నుంచి బయటికి వచ్చినోని పాట అది. అక్కడి ఆదివాసీ భాషలో వచ్చిన మొదటి రాక్ పాట అదేనని చెప్తరు. గిటారు ఎవరిదైనా కానీ, జైలు అనుభవం వాళ్లదే. దీనికి ఎదురుగ బ్రెజిల్ బ్యాండు సెపుల్తురా 1996లో 'రూట్స్' అనే ఆల్బమ్ తీసింది. షవాంతే ఆదివాసీల ఊరికి పోయి వాళ్లతో కలిసి ఒక పాట రికార్డు చేసిన్రు. మంచి మనసుతోనే చేసిన్రు, వినడానికి బాగుంటది. అయినా ఆల్బమ్ సెపుల్తురాది, షవాంతేలు అతిథులు. 'టూ'లో అతిథులు లేరు, ఇంటోళ్లే పాడిన్రు.

మన దగ్గర ఇప్పటికీ అతిథి వరుసే నడుస్తున్నది. 'ఆర్ఆర్ఆర్' సినిమాలో భీము పేరు దేశం దాటింది, సంతోషం. కానీ భీము మీద పాట తెలుగులోనే వచ్చింది, ఆయన మాట్లాడిన గోండిలో కాదు. హైదరాబాద్‌లోనే చౌరస్తా బ్యాండు తెలుగులో రెగే కట్టి ఊరి మీద మనాది పాడితే నగరమంతా పాడుకున్నది. అంటే కొత్త తీరు సంగీతం మీద మన మాట నిలవదనే భయం అక్కర లేదు. తెలుగుకు అయింది, గోండికి ఎందుకు కాదు?

"మన భాషలో పాడితే వినేటోళ్లు ఎవరు?" అని అడిగేటోళ్లకు ఒక లెక్క చెప్తం. 2018 జనగణన ప్రకారం న్యూజిలాండ్‌లో మావోరీలో మాట్లాడగలిగేటోళ్లు సుమారు 1 లక్షా 86 వేలు. మన 2011 జనగణనలో గోండి మాతృభాష అని చెప్పినోళ్లు 29 లక్షలకు పైనే. ఒక్క లక్షా చిల్లర మంది భాషలో పాడి ఆ పిల్లలు దేశాలు తిరిగిన్రు. తేడా జనంలో లేదు, బడిలో ఉన్నది. మావోరీలు 1982లో చిన్నపిల్లల కోసం భాషా గూళ్లు మొదలుపెట్టిన్రు. కోహంగా రెయో అంటరు వాటిని. ముసలమ్మలు కూసోని పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడుడు, అంతే. 1987లో మావోరీ అధికార భాష అయింది. ఆ బడుల నుంచి వచ్చిన పిల్లలే ఈ ఆల్బమ్ చేసిన్రు. మనం ఆశ్రమ పాఠశాలలో అడుగు పెట్టిన రోజే మన భాషను గేటు బయట చెప్పుల లెక్క విడిచి పోయినోళ్లం. అందుకే ఇప్పుడు పాట రాద్దామని కూసుంటే మాట దొరకదు, అవ్వకు ఫోన్ చేయాల్సి వస్తది.

చెయ్యండి ఫోన్. సిగ్గు ఎందుకు.

గమ్మత్తు ఏందంటే, 'టూ' వచ్చిన ఆ 2018 జూన్ నెలలోనే గుంజాల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది. అంటే మన పాట మాటలను మన లిపిలోనే ఫోన్‌లో రాసుకునే దారి తెరుచుకున్నది. ఎంతమందిమి వాడుతున్నం, చెప్పండి.

ఏ భాషలో పాడాలె అనంగానే మన గ్రూపులోనే గొడవ అయితదని తెలుసు. కోయ అంటే గోండోళ్లు, గోండి అంటే లంబాడోళ్లు, గోర్ బోలి అంటే ఇంకొకరు అలుగుతరు. బయట నడిచే తగువులు లోపలికి వస్తయి. మా అభిప్రాయం ఏందంటే, ఒక్క పాటలో అన్నీ కలిపి కిచిడీ చెయ్యొద్దు. ఎవరి పాట వాళ్ల భాషలో ఉండాలె, మిగిలినోళ్లు వాయించాలె. లంబాడీ పాటకు కోయ పిల్లగాడు డోలి కొడితే తప్పేం లేదు. మొదటి ఆల్బమ్ అంటే పన్నెండు పాటలు ఉండాలని కూడా ఎవరూ రాసిపెట్టలే. నాలుగు గట్టి పాటలు చాలు. 'టూ'లో కూడా తీసి పక్కన పెట్టాల్సిన ఇంగ్లీషు పాటలు తీస్తే మిగిలేది ఐదారే, అవి చాలు ఆ బ్యాండు పేరు నిలపడానికి.

డీజే రీమిక్సుల మిత్రులకు ఒక మాట. మన పెండ్లి పాటలకు అదే దంచుడు బీటు వేసి యూట్యూబ్‌ల పెడుతున్నరు, లక్షల మంది చూస్తున్నరు, బాగనే ఉన్నది. కానీ పాడిన అవ్వ పేరు కింద రాయండి. పేరు రాసుడుకు స్టూడియో ఖర్చు లేదు.

మొదటి పాట దేని మీద అన్నది మాత్రం ఇంకా తేలలే. కొందరు జోడేఘాట్ అంటున్నరు. మా ఓటు గాం గంటం దొర, గాం మల్లు దొరలకు. రంప పోరాటం అనంగానే అల్లూరి పేరొక్కటే అందరి నోట్ల ఉన్నది, పక్కన నడిచిన ఈ అన్నదమ్ముల మీద ఎంతమందికి పాట వచ్చు? అల్లూరి జిల్లా దిక్కు మిత్రులు ఎవరైనా ఉంటే, మీ ఊళ్లల్ల వాళ్ల గురించి ముసలోళ్లు చెప్పే ముచ్చట్లు ఫోన్‌ల రికార్డు చేసి గ్రూపులో పెట్టండి. చెప్పినోళ్లను అడిగి, ఒప్పుకుంటేనే పెట్టండి. కిక్రీ వాయించేటోళ్లు ఎవరికన్నా చుట్టాలు ఉంటే అది కూడా చెప్పండి, దసరా సెలవుల్లో మేమే వస్తం.