తియ్యటి కూలీ!

మకరందం పువ్వులోనే ఉంటుందనుకుంటాం. పత్తి మొక్కకైతే ఆకులోనూ ఉంటుంది. ఆకుని తిప్పి చూస్తే నడిమి ఈనె మీద చిన్న గుంట కనిపిస్తుంది. అదే మకరంద గ్రంథి. అందులో నూగులాంటి సన్నని బుడిపెలుంటాయి. ఈనెలో పారే చక్కెర రసాన్ని అవి తియ్యటి చుక్కలుగా బయటికి వదులుతాయి. వాటికోసం చీమలు చేరతాయి. చేరినవి ఊరుకోవు, ఆకు తినడానికొచ్చిన పురుగుల మీద పడతాయి. అందుకే పురుగు కొరికితే చాలు, మొక్క మకరందాన్ని మరింత స్రవిస్తుంది. ఆకుకాడ మీద బుడిపెలున్న ఆముదం మొక్కదీ ఇదే పద్ధతి.

మరి చీమలే లేనిచోట? పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల్లో మనుషుల ద్వారా వచ్చేదాకా చీమలే లేవు. అక్కడి అడవిపత్తి 'గాసిపియం టొమెంటోసమ్' ఆకులకి ఈ గ్రంథులూ లేవు. కాపలా లేనప్పుడు కూలీ దండగని పరిణామక్రమంలో వదిలేసుకుందని శాస్త్రవేత్తల భావన. అమెరికాలో ఆ లక్షణాన్ని సంకరం ద్వారా సాగుపత్తికీ తెచ్చారు. దాంతో రసం పీల్చే కొన్ని పురుగులు తగ్గాయి. కానీ ఆ మకరందం మీద ఆధారపడే మిత్రకీటకాలకీ తిండి కరవైంది. కూలీ మానేస్తే కాపలా కూడా పోతుంది మరి!