గాలి మీద నిలిచిన బండి కిందికి దూరకండి

పొద్దున గేటు తీసి చూస్తే మీ ఎస్‌యూవీ ఒక మూలకు కూలబడి ఉందా? కంగారు పడకండి. కానీ ఏమైందో చూద్దామని మాత్రం దాని కిందికి తల పెట్టకండి, చెయ్యి పెట్టకండి. మిగతా విషయాలు నిదానంగా చదువుకోవచ్చు. ఈ ఒక్కటీ ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇది గుద్దుకున్నప్పుడు స్టీరింగ్‌లోంచి విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ సంగతి కాదు. చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగుల స్థానంలో బండి బరువు మోసే గాలి బెలూన్ల (ఎయిర్ సస్పెన్షన్) సంగతి. ఎస్‌యూవీలలో కంప్యూటర్ నడిపే ఈ ఏర్పాటు 1992లో రేంజ్ రోవర్‌తో వచ్చింది. తర్వాత డిస్కవరీ, ఆడీ క్యూ7, ఫోక్స్‌వాగన్ టువారెగ్, మెర్సిడెస్ జీఎల్ లాంటి వాటికీ పాకింది. కొత్తలో లక్షలు, కోట్లు పలికిన ఆ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మనవాళ్ల చేతికి అందుతున్నాయి. కొనేటప్పుడు ఇంజిన్ చూస్తాం, టైర్లు చూస్తాం, ఏసీ చూస్తాం. బెలూన్ల వయసు అడగం. వాటికీ వయసు మీద పడుతుంది. ఎండలో వదిలేసిన నీళ్ల పైపు మడత దగ్గర చీలినట్టు, ఆ రబ్బరు కూడా రోజూ ముడుచుకునే చోటే పగుళ్లిస్తుంది. మన ఎండలకు, బురదకు, మడతలో ఇరుక్కునే ఇసుకకు ఆ పగుళ్లు ఇంకా తొందరపడతాయి.

ఇక ప్రాణానికి ముప్పు ఎక్కడుందో చెబుతాను. డిస్కవరీ లాంటి బండి సుమారు రెండున్నర టన్నులు. అడవి దారికి ఎత్తిపెట్టినప్పుడు, మనుషులు ఎక్కడానికి దింపినప్పుడు దాని ఎత్తులో తేడా దాదాపు 10 సెంటీమీటర్లు. బెలూన్ పూర్తిగా ఖాళీ అయితే అంతకంటే కిందికే దిగుతుంది. కింద పడుకున్న మనిషి ఛాతీకి, బండి అడుగుకి మధ్య అంత జాగా కూడా ఉండదు. ఏ క్షణాన చీలుతుందో బెలూన్ ముందుగా చెప్పదు. పగుళ్లిచ్చిన రబ్బరు గంటల తరబడి కొద్దికొద్దిగా గాలి వదులుతూ ఉండి, ఒక్కసారిగా చీలిపోవచ్చు.

ఇంజిన్ ఆపేశాను కదా అని ధీమా పడకండి. డిస్కవరీ 3 లాంటి బండ్లలో తాళంచెవి తీసేసినా కంప్యూటర్ కొన్ని గంటలకోసారి మేలుకుంటుంది. ఒక మూల వంగి ఉంటే దానికి సరిపెట్టడానికి మిగతా మూలల గాలి కూడా వదిలేస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని బండ్లలో తలుపు తెరిచి ఉన్నంతసేపు ఎత్తు మారకుండా ఆగుతుంది, తలుపు మూయగానే ఆగిన పని మళ్లీ మొదలవుతుంది. కింద మెకానిక్ ఉంటాడు, పైన పిల్లవాడు ఆడుకుంటూ తలుపు వేస్తాడు. ఆ తర్వాత ఏమవుతుందో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

అయితే బెలూన్ పాడవుతోందని బండి చాలా రోజుల ముందునుంచే చెబుతూ ఉంటుంది. రాత్రి సమంగా పెట్టిన బండి తెల్లారేసరికి ఒకవైపు ఒరిగి ఉండటం మొదటి గుర్తు. స్టార్ట్ చేశాక లేవడానికి ఇదివరకటి కంటే ఎక్కువసేపు పట్టడం, గాలి నింపే కంప్రెసర్ గుయ్యిమంటూ ఆగకుండా తిరగడం, చక్రం దగ్గర సన్నగా బుస వినిపించడం, మీటరులో సస్పెన్షన్ దీపం వెలిగి ఆరిపోవడం కూడా గుర్తులే. ఆరిపోయింది కదా అని వదిలేయకండి. కారుతున్న గాలిని నింపీ నింపీ కంప్రెసర్ వేడెక్కి అదీ కాలిపోతుంది. అప్పుడు ఒక మూలకు వచ్చిన జబ్బు నాలుగు మూలలకూ వస్తుంది, అదీ ఎక్కడో దారి మధ్యలో.

అనుమానం వస్తే బండి నేల మీద ఉండగానే స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆపి, పక్కకు నిలబడి టార్చి వేసి ముందు బెలూన్ మడతలు చూడండి. పగుళ్లు కనిపిస్తే చాలు, అక్కడితో ఆగండి. సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూసే పని, వెనక బెలూన్లు చూసే పని లిఫ్ట్ ఉన్న షెడ్డులో జరగాలి, మీ ఇంటి ముందు కాదు.

కూలిన బెలూన్‌తో ఊరు దాటకండి. బరువంతా సస్పెన్షన్‌లో అడ్డుగా ఉండే రబ్బరు దిమ్మ మీద పడి బండి రాయిలా గట్టిపడి, గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. ఆ పక్క టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. వెనకవైపు కూలితే హెడ్‌లైట్లు పైకి లేచి ఎదురొచ్చేవాడి కళ్లలో పడతాయి. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగవచ్చు. కొన్ని బండ్లు తామే గంటకు 50 కిలోమీటర్లు మించవద్దని తెర మీద చూపిస్తాయి. ఆ అంకె దగ్గరలో ఉన్న సురక్షితమైన చోటికి చేరడానికే. అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్ల మలుపులు ఒరిగిన బండితో దిగడానికి కాదు. పాపికొండలు చూడాలని పిల్లలు ఎంత గోల చేసినా సరే, దీపం వెలిగిందంటే ఘాటు మొదలవకముందే ఆగండి. నల్లమలలో చాలాచోట్ల ఫోను కూడా పలకదు.

దారిలో ఆగాల్సి వస్తే చదునైన చోట ఆపి, హజార్డ్ లైట్లు వేసి, అందరినీ దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. ఫ్లాట్‌బెడ్ లారీ పిలవండి. నాలుగు చక్రాలూ ఎప్పుడూ కలిసి తిరిగే బండిని రెండు చక్రాలు నేల మీద ఈడ్చుకుపోతే గేర్ల భాగాలు దెబ్బతింటాయి. లారీ మీద తాళ్లు చక్రాలకే కట్టమనండి. బాడీకి కడితే దారిలో మిగిలిన గాలి దిగేకొద్దీ తాళ్లు వదులవుతాయి, బండి లారీ మీదే కదులుతుంది.

పంక్చరైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. డిస్కవరీ 3లో స్టెప్నీ బండి వెనక అడుగున వేలాడుతుంది. వెనక బెలూన్ కూలిన రోజున దాన్ని బయటికి లాగే జాగా దొరక్క, జనం కిందికి దూరుతారు. వద్దు. ఆడీ క్యూ7, టువారెగ్ లాంటి బండ్లలో జాకీ మోడ్ ఉంటుంది. అది పెట్టకుండా జాకీ వేస్తే చక్రం లేస్తుండగానే కంప్యూటర్ ఎత్తు సరిచేయాలని చూస్తుంది, బండి జాకీ మీద కదులుతుంది. రోడ్డు పక్క పంక్చరు షాపు అబ్బాయికి ఈ సంగతి తెలిసి ఉండాల్సిన పని లేదు. బండి మీది, చెప్పాల్సింది మీరు.

బెలూన్‌కు ట్యూబుకు వేసినట్టు అతుకు వేస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. టైరులో ఉండేది 35 పీఎస్ఐ చుట్టుపక్కల. ఈ బండ్లలో బెలూన్లకు గాలి అందించే ట్యాంకులో 150 పీఎస్ఐ, కొన్నిటిలో అంతకుమించి కూడా ఉంటుంది. ఆ గాలి వదలకుండా పైపు విప్పితే పానా చేతిలోంచి ఎగిరి కంటికి తగలవచ్చు. కొత్త బెలూన్ వేశాక కూడా అందులో కొంత గాలి నింపకముందే బండి బరువు దాని మీద దించకూడదు, మడత తప్పుగా పడి కొత్తదీ చిరుగుతుంది. ఒకటి పోయిందంటే అదే ఇరుసు మీది రెండోదీ దాని ఈడుదే, రెండూ కలిపి మార్పించండి.

షెడ్డు నడిపే అన్నలకు ఒక విన్నపం. మీ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు చురుకైనవాళ్లు, యజమాని మెప్పు కోసం చెప్పకముందే కిందికి దూరేవాళ్లు. వాళ్లు దూరకముందే బండిని స్టాండ్ల మీద నిలబెట్టండి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి, బ్యాటరీ తీగ తీయించండి. బండి యజమానులూ, సాయంత్రానికల్లా కావాలని షెడ్డువాళ్లను తొందరపెట్టకండి. రెండు రోజులు పడుతుందంటే ఆ రెండు రోజులూ ఆటోలోనో బస్సులోనో వెళ్లండి.