నూట నలభై చాలదా?

ఆదివారం పొద్దున జమ్మలమడుగు నుంచి గండికోట పోయే దారిలో కాసేపు నిలబడితే బెంగళూరు నుంచి వచ్చే పెద్ద బండ్లన్నీ కనబడతాయి. మన పిల్లల కళ్లు మాత్రం వాటి వెనక చక్రాల మీదే. సాయంత్రానికి ప్రొద్దుటూరులో ఏ మెకానిక్కు షెడ్డుకు పోయినా ఇదే మాట: "అన్నా, మీటియర్‌కు ఎనక లావు టైరు ఏపిచ్చాలనుకుంటాండా. ఎంత లావుది పడ్తాది?" మెకానిక్కు చేత్తో కొలిచి "పడ్తాది లేబ్బా" అంటాడు. బేరం అయిపోతుంది.

పట్టడం వేరు, కుదరడం వేరు. మీటియర్ 350 వెనక టైరు మీద 140/70-17 అని ఉంటుంది. నూట నలభై వెడల్పు, మిల్లీమీటర్లలో. డెబ్బై ఎత్తు, అదీ వెడల్పులో నూటికి డెబ్బై పాళ్లు, అంటే 98 మిల్లీమీటర్లు. పదిహేడు రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. ఒకే వరసలో మూడు రకాల కొలతలు పెట్టిన మహానుభావుడెవరో గానీ, షాపువాడు మనల్ని బురిడీ కొట్టించడానికి దారి మాత్రం బాగా వేశాడు. అదే రిమ్ముకు 150/70-17 ఎక్కించామనుకోండి. వెడల్పు పది పెరిగితే ఎత్తు కూడా ఏడు పెరుగుతుంది. చక్రం అడ్డకొలత 628 మిల్లీమీటర్ల నుంచి 642కు పోతుంది. అటు చైను వైపు ఐదు, పైన మడ్‌గార్డు వైపు ఏడు మిల్లీమీటర్ల సందు తగ్గినట్టే. షెడ్డు ముందు ఖాళీ బండిని తిప్పి చూస్తే ఎక్కడా రాయదు. వెనక ఒక మనిషిని, మధ్యలో ఒక మూటను పెట్టుకొని ముద్దనూరు దారిలో గుంతలో దించినప్పుడు తెలుస్తుంది రాసేదీ లేనిదీ.

అసలు మోసం రిమ్ము దగ్గరుంది. టైరు మార్చాం, రిమ్ము వెడల్పు మారలేదు. సన్న రిమ్ములో లావు టైరు కూర్చుంటే అంచులు లోపలికి నొక్కుకొని నడుమ పైకి ఉబ్బుతుంది. నేలను పట్టేది ఎక్కువవుతుందని డబ్బు పెడితే, నిటారుగా పోయేటప్పుడు నేలకు ఆనే పట్టీ సన్నబడుతుంది. మలుపులో బండి వాలడానికి మొరాయిస్తుంది, వాలాక ఉన్నట్టుండి పడిపోతున్నట్టు ఉంటుంది.

ఈ మోజు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. హార్లే ఫ్యాట్ బాయ్‌కు వెనక 240/40-18 ఉంటుంది. అది మూడు వందల కిలోలు దాటిన బండి. ఫ్రేము, వెనక చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్, అన్నీ ఆ టైరును లెక్కలో పెట్టుకొని గీసినవే. అంత దూరమెందుకు, మన సూపర్ మీటియర్ 650కి వెనక 150/80-16. నూటయాభై అనే అంకె ఒక్కటే చూసి "అదే టైరు నా 350కి తెచ్చియ్యి" అనేవాళ్లు ఉన్నారు. పదహారు అంగుళాల టైరు పదిహేడు అంగుళాల రిమ్ముకు ఎక్కదు.

వెనక ఒక్క మెట్టు పెంచుకుంటాననేవాడితో నేను పోట్లాడను. ముందు చక్రం జోలికి పోయేవాడితో పోట్లాడతాను. మీటియర్‌కు, క్లాసిక్‌కు ముందు 19 అంగుళాలు ఊరికే పెట్టలేదు. పెద్ద చక్రం గుంతలో తక్కువ దిగుతుంది. దాన్ని 17 చేస్తే బండి ముందు వంగుతుంది, హ్యాండిల్ తత్వమే మారిపోతుంది. హ్యాండిల్ తిరిగే గీతను నేలదాకా పొడిగిస్తే అది టైరు ఆనే చోటుకు కొంచెం ముందు పడుతుంది. క్రూయిజరును చెయ్యి వదిలినా నేరుగా పోయేట్టు చేసేది ఆ బెత్తెడు దూరమే. చక్రం చిన్నదైతే అదీ తగ్గుతుంది. పైగా 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. రెండు చక్రాలు తిరిగే వేగాన్ని పోల్చుకొని పనిచేసే యంత్రం అది. ఒక చక్రం అడ్డకొలతను రెండంగుళాల మేర ఇష్టమొచ్చినట్టు మార్చేసి, సరైన సమయానికి బ్రేకు వదలమని దాన్ని ఏ మొహంతో అడుగుతాం?

పాత బుల్లెట్టుకు రెండు పక్కలా 3.25-19 టైర్లే. మూడుంబావు అంగుళాల సన్న టైరు. ముందూ వెనకా ఒకే కొలత కాబట్టి ఒక్క ట్యూబు దగ్గరుంటే ఏ చక్రానికైనా సరిపోయేది. పులివెందుల తోటల గట్ల మీద ఆ బండ్లు తిరిగిన తిరుగుడు ఈ లావు టైర్లు తిరగలేవు.

ట్యూబ్‌లెస్ అల్లాయ్ మాత్రం మన వైపు పనికొచ్చే ఖర్చే, కాదనను. ఎర్రగుంట్ల, నిడుజువ్వి వైపు నుంచి నాపరాళ్లు మోసే లారీలు దారి పొడుగునా రాలుస్తూ పోయే చెక్కలు కత్తుల్లా ఉంటాయి. ట్యూబు టైరుకు ఒక్కటి దిగితే గాలి క్షణాల్లో పోతుంది. ట్యూబ్‌లెస్ అయితే ఊరు చేరేదాకా ఆగుతుంది. అయితే చౌకగా దొరికే పోత అల్లాయ్ గుంతలో పగులుతుంది. ఇనుప రిమ్ము సొట్టపడితే పంచరు షాపులోనే స్పోకులు బిగించి బెండు తీస్తారు. పగిలిన అల్లాయ్‌ను కాల్చి అతికించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గరికి పోవద్దు. స్పోకు రిమ్ముకు లోపల టేపు చుట్టి ట్యూబ్‌లెస్ చేస్తామనే వాళ్ల దగ్గరికి అసలే పోవద్దు.

చట్టం మాట కూడా ఉంది. ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా అంది. పోలీసులు రోడ్డు మీద ఆపి టేపుతో టైరు కొలుస్తారని కాదు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి కొలుస్తాడు.

ఇంతా విని టైరు కొనడానికే పోతే, కంపెనీ ఇచ్చిన కొలతే అడిగి, ఆ డబ్బుతో మంచి రకం తీసుకోండి. కొలత పక్కన 66పి లాంటి గుర్తు ఉంటుంది. 66 అంటే ఆ టైరు 300 కిలోలు మోస్తుంది, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. పాతదాని మీద ఉన్నదానికంటే తక్కువ అంకె వద్దు. ఇంకోచోట నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 1822 అని ఉంటే 2022లో 18వ వారం సరుకు. మన ఎండలకు రేకుల గోడౌనులో ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు అది. నల్లగా నిగనిగలాడుతున్నా, సగం ధరకే ఇస్తామన్నా వెనక్కి పెట్టమనండి.

— బాటసారి