అద్దాల సముద్రంలో అజ్ఞాత దొంగ

నిన్నటిదాకా కళకళలాడిన పగడాన్ని రాత్రికిరాత్రే ఎవరో కొరికేశారు. ఇంకోరోజు ఓ చేపకు గాయం. చుట్టూ అద్దమే, బయటి నుంచి ఏదీ లోపలికి వెళ్లే వీల్లేదు. మరి దొంగ ఎవరు?

ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో న్యూక్వే అనే ఊరుంది. అక్కడి బ్లూ రీఫ్ అక్వేరియం సిబ్బందిని 2009లో నెలల తరబడి తిప్పలు పెట్టిన ప్రశ్న ఇది. ఉచ్చులు పన్నారు. గాలానికి ఎర గుచ్చి వదిలారు. తెల్లారేసరికి ఎర మాయం! విసిగిపోయి రాళ్లన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీస్తే అప్పుడు దొరికింది... నాలుగడుగుల పొడవున్న జెర్రిలాంటి పురుగు! దానికి బ్యారీ అని ముద్దుపేరు పెట్టి వేరే తొట్టిలోకి మార్చారు.

ఇది యూనిసిడ్ అనే జాతికి చెందిన సముద్రపు పురుగు. ఆ జాతిలోదే ఒకటి 2009లోనే జపాన్‌లో ఓ తెప్పలో బయటపడింది. దాని పొడవు దాదాపు 3 మీటర్లు!

ఇంతకీ ఇవి తొట్టిలోకి ఎలా వస్తాయి? రాళ్లలో దాక్కుని. ఉప్పునీటి అక్వేరియంలో సముద్రం నుంచి తెచ్చిన ‘లైవ్ రాక్’ వేస్తుంటారు. దాని రంధ్రాల్లో ఉండే బ్యాక్టీరియా నీటిని శుభ్రం చేస్తుంది. ఆ రంధ్రాల్లోనే పురుగుల పిల్లలూ నక్కి ఉంటాయి.

ఏది నేస్తం, ఏది శత్రువు?

పురుగు కనిపించగానే కంగారు పడక్కర్లేదు. ఎక్కువగా కనిపించేది బ్రిసిల్ వార్మ్. ఇది మన వానపాముకు దూరపు చుట్టం. ఒంటికి రెండువైపులా తెల్లని నూగుంటుంది. చేపలు తినగా మిగిలిన మేతనీ చచ్చిన జీవుల్నీ తిని తొట్టిని శుభ్రం చేస్తుంది. చచ్చిన చేప దగ్గర కనిపిస్తుంది కాబట్టి చంపిందీ అదేనన్న నింద మోస్తుంటుంది, పాపం!

రాతిలోంచి సన్నని సేమ్యాపోగుల్లాంటివి చాపేదీ, విసనకర్రలా విచ్చుకునేదీ కూడా పురుగులే. వీటితో ఏ హానీ లేదు.

జాగ్రత్త పడాల్సినవి కొన్నే. తలపై అయిదు మీసాలూ బలమైన దవడలూ ఇంద్రధనుస్సులా మెరిసే ఒళ్లూ ఉంటే అది బ్యారీ చుట్టమని అనుమానించాలి. ఫైర్ వార్మ్‌లలో ఒక రకం పగడాల్ని తింటుంది. దాని నూగు గుచ్చుకుంటే నిప్పు అంటుకున్నట్టే మంట. ఎర్రగా, చదునుగా ఉండే చిన్న పురుగులు గుంపులుగా పెరిగితే అదో చిక్కు. మందువేసి ఒక్కసారే చంపితే అవి వదిలే విషంతో చేపలూ చచ్చిపోవచ్చు.

పోల్చుకునేదెలా?

లైట్లు ఆర్పేసిన గంట తర్వాత, టార్చికి ఎర్రకాగితం చుట్టి చూడాలి. ఎర్రటి వెలుగుకి ఇవి అంతగా బెదరవు. ఫొటో తీసి తల, మీసాలు, నూగు గమనించాలి. పగడం తింటూ కళ్లారా కనిపిస్తేనే నేరం రుజువైనట్టు. అప్పుడు పట్టుకోవడానికి సన్నని గొట్టంలో రొయ్యముక్క పెడితే చాలు. చేతికి తొడుగు, పట్టకారు తప్పనిసరి. నూగు గుచ్చుకుంటే రుద్దకుండా, అంటుకునే టేపు వేసి లాగేయాలి.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. పురుగు చావాలని రాయిని వేడినీళ్లలో మరిగించడం! రాయిమీద పెరిగే జొయాంతిడ్ అనే పగడంలాంటి జీవుల్లో కొన్నింటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు. ఒక పురుగు కోసం ఇంటిల్లిపాదీ ప్రమాదంలో పడటమన్నమాట.

పొలంలో వానపాముని చూసి రైతు సంతోషిస్తాడు. తొట్టిలోని పురుగూ చాలాసార్లు అలాంటి పనిమంతురాలే. కాబట్టి ముందు విచారణ... శిక్ష ఆ తర్వాతే!