హవాలా లేని బంగారం

మా ఆపా ఇంట్లో పది రోజులుగా హంగామా నడుస్తోంది. దానికి కారణం ఐదు వేల కిలోల బంగారం.

మా భాంజీ డిగ్రీ ఆఖరి సంవత్సరం, చరిత్ర విద్యార్థిని. ఈసారి చార్టులు వద్దు, హైదరాబాద్ సంస్థానం మీద ఒక్కొక్కరు ఒక వెబ్‌సైట్ చేయండి అన్నారట వాళ్ల సారు. మంచి ఖయాలే. మార్కులు 50. డిజైన్‌కు 20, ఫొటోలు వీడియోలకు 15, సమాచారానికి 10, గడువులోగా ఇస్తే 5. ఆధారాలకు ఒక్క మార్కు లేదు.

ఇద్దరు పిల్లలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ఎంచుకున్నారు. ఇద్దరూ మన పిల్లలే. ఒక అబ్బాయి సైటు తెరిస్తే పైనుంచి అష్రఫీలు రాలతాయి, వెనక ఖవ్వాలీ. '1965లో నిజాం దేశానికి 5,000 కిలోల బంగారం దానం చేశారు' అని పెద్ద అక్షరాలు. 46 మార్కులు.

మా పిల్ల సైటులో తెల్ల కాగితం మీద రాసినట్టు రాత తప్ప ఇంకేమీ లేదు. అది దానం కాదని రాసింది. ఆ ఏడాది అక్టోబర్‌లో సర్కారు తెచ్చిన నేషనల్ డిఫెన్స్ గోల్డ్ స్కీమ్‌లో ఆయన పెట్టిన పెట్టుబడి, 425 కిలోలు, వడ్డీ ఆరున్నర శాతం. డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సభలో ఆయన్ని అభినందించిన వార్త అప్పటి పత్రికలో ఉంది. అందులోనూ 4,25,000 గ్రాములే. తర్వాత సమాచార హక్కు చట్టం కింద అడిగితే, 5,000 కిలోల విరాళం గురించి తమ దగ్గర సమాచారం లేదని ప్రధాని కార్యాలయం చెప్పింది. ప్రతి వాక్యం కింద అది ఎక్కడ దొరికిందో ఇచ్చింది. 29 మార్కులు. 'ఆకర్షణ లేదు' అని సారు రాశారు.

ఇది చరిత్ర పరీక్షా, షాదీఖానా డెకరేషన్ పోటీయా?

డిజైన్‌కు మార్కులే వద్దని నేననను. ఫోన్‌లో అక్షరం కనబడకపోతే ఎంత సచ్చాయీ రాసినా ఎవరు చదువుతారు? ఏది ముందు పెట్టారు, ఫొటో కింద ఏ సంవత్సరం రాశారు, ఎవరి దగ్గర తీసుకున్నారు, ఇవన్నీ డిజైనే. వాటికి మార్కులు వేయండి. నాణేల వానకు ఎందుకు? పైగా చార్టయితే మార్చి దాటాక అటక ఎక్కుతుంది. వెబ్‌సైట్ అలా కాదు. ఆ 46 మార్కుల పేజీని కాలేజీ సైటులో పెట్టారు. వచ్చే ఏడాది ఇంకో పిల్లవాడు వెతికితే ముందు అదే దొరుకుతుంది. కాలేజీ వాళ్లే చెప్పారు కదా అని ఎత్తి రాస్తాడు.

సారును అనడం ఆసాన్. మనింటి సంగతి చూడండి. పిల్ల సైటు చూసి వాళ్ల చచ్చా అన్న మాట: "క్యా బేటీ, మన నిజాం ఇజ్జత్ నువ్వే తీస్తావా?" ఆ 5,000 కిలోల మెసేజ్ ప్రతి ఆగస్టు పదిహేనుకి మా ఖాందాన్ గ్రూపులో వస్తుంది. ఒకప్పుడు నేనూ ఫార్వర్డ్ చేశాను, అల్లాహ్ మాఫ్ చేయాలి.

హదీసు చెప్పేటప్పుడు రావీ ఎవరు, అతను ఎవరి దగ్గర విన్నాడు అని సనద్ అడిగే ఉమ్మత్ మనది. ఒక్క రావీ నమ్మదగినవాడు కాకపోతే ఆ రివాయత్ జయీఫ్ అని పక్కన పెట్టారు మన ఉలమా. ఆ కౌమ్ పిల్లలు వాట్సాప్‌ను రావీ చేసుకుంటే మనం శభాష్ అంటున్నాం. ఉర్దూలో 'హవాలా' అంటే ఆధారం చూపడం. తెలుగు పేపర్లలో అది దొంగ సొమ్ము అయిపోయింది. ఇప్పుడు మన చరిత్రలోనూ ఆ రెండో అర్థమే మిగిలేట్టుంది.

ఈ గప్పాలు మనకు ఎందుకు? 1918లో ఉర్దూ మాధ్యమంలో యూనివర్సిటీ పెట్టిన మనిషికి, పుణెలో భండార్కర్ సంస్థ వేసిన మహాభారతానికి డబ్బిచ్చిన మనిషికి లేని బంగారం అతికించాలా? మన చరిత్రంతా ఝూట్ అనేవాళ్లకు ఈ 5,000 ఒక్కటి దొరికితే చాలు, దాంతో పాటు ఉన్నవి కూడా కొట్టేస్తారు.

ఆయన పాలనలో తప్పులు లేవా? ఉన్నాయి. పిల్లలు అవీ రాయాలి, హవాలాతో రాయాలి.

మా ఆపా పోరు పడలేక సారుకు ఫోన్ చేశాను. మార్కులు పెంచమని అడగలేదు. వచ్చే ఏడాది 50లో 20 ఆధారాలకు ఉంచండి, రెండు లింకులు మీరే నొక్కి చూడండి అన్నాను. నలభై మంది పిల్లలండీ, అన్నీ ఎక్కడ చూస్తాం అన్నారు. నిజమే, కష్టమే. కనీసం ఆ అబ్బాయి పేజీలో అంకె దిద్దించండి అన్నాను. చూద్దాం అన్నారు. నిన్న రాత్రి తెరిచాను. అష్రఫీలు ఇంకా రాలుతున్నాయి.